రెండు సున్నాలు

మా ఆఫీసు ఫారం తయారుచేసినవాడు జన్మలో సముద్రం చూసి ఉండడని నా గట్టి నమ్మకం. ‘లోతు, మీటర్లలో’ అని వేసి, దశాంశ బిందువు తర్వాత మూడు గళ్లు పెట్టాడు. అరవై రెండులో అడుగులు పోయి మీటర్లు వచ్చాయి. ఆ గళ్లు నా ప్రాణం మీదికి వచ్చాయి.

నేను ఓవర్సీరును. పులికాటు నీళ్లు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి, జాలర్ల పడవలు అడుగు తగిలి ఆగిపోతున్నాయి. కిందటేడు ముత్యాలయ్య అనే జాలరి పడవ అక్కడే అలలకు చిక్కి పగిలింది. అందులో ఉన్న అతని తమ్ముడు దక్కలేదు. పోటు తగ్గినప్పుడు లోతు ఒక మీటరుకు తక్కువుంటేనే పూడిక తీస్తామని పైవాళ్లు అన్నారు. కొలవడం నా పని.

నా దగ్గరున్నదల్లా పది సెంటీమీటర్లకొక గీత గీసిన వెదురు గడ. ముత్యాలయ్య మరో పడవ అంచున నిలబడి దాన్ని దించాడు. అడుగున బురద, గడ ఎంత దిగిందో ఎవరికి తెలుసు? అల లేస్తే నీళ్లు పదో గీతకు రెండు వేళ్లు పైకి, దిగితే రెండు వేళ్లు కిందికి.

“ఎంతుందయ్యా?” అన్నాడు.

“మీటరు. కాస్త అటో ఇటో,” అని 1.0 వేశాను.

కాలేజీలో మా ఫిజిక్స్ మాస్టారు చెప్పేవారు, కంటికి ఆనినంత వరకే అంకె వేయమని. సున్నా కూడా అంకేననీ, వేశామంటే కొలిచామని ఒట్టు పెట్టినట్టేననీ.

ఫారం తిరిగొచ్చింది. గళ్లు నింపలేదట! ఎండలో పడి మళ్లీ వెళ్లాను. అదే గడ, అదే అల, అదే 1.0. మళ్లీ తిరిగొచ్చింది.

“రెండు గళ్లు నింపేదానికి చేతులు రావా మీకు?” అన్నాడు హెడ్ గుమాస్తా, అందరూ వింటుండగా.

నాకు ఒళ్లు మండింది. సున్నాలేగా, వేస్తే ఏం కొంప మునుగుతుందని అతని బల్ల మీదే రెండు సున్నాలు పెట్టి, సంతకం చేసి విసిరికొట్టాను.

నెలకు ఉత్తర్వు వచ్చింది. లోతు 1.000, మీటరుకు తక్కువ కాదు, పూడిక తీయనవసరం లేదు. ఇంజనీరుగారి గదికి పరుగెత్తాను.

“అది సుమారు కొలత సార్. అయిదు సెంటీమీటర్లు తక్కువైనా ఉండొచ్చు.”

“సుమారైతే అట్లనే రాయాల. ఉత్త 1.0 వచ్చుంటే నేనే మళ్లా కొలిపించేవాణ్ణి. మిల్లీమీటరు దాకా చూసి సంతకం పెట్టినారే, ఇంక అనుమానం ఏముంది?”

“రెండుసార్లు 1.0 అనే పంపినాను సార్!”

“నా దాకా రాలేదే. ఇప్పుడు ఫైలు పైకి పోయింది గదా, ఇంక మార్చలేం.”

ముత్యాలయ్య ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. అంతా చెప్పాను. తిట్టినా బాగుండేది.

“గడ పట్టింది నేనే గదయ్యా,” అన్నాడు నెమ్మదిగా. “నీళ్లు అట్టా ఎగిరెగిరి పడతా ఉంటే, ఆ రెండు సున్నాలు యాడ కొలిచినారు?”

“గుమాస్తా బల్ల మీద, ముత్యాలయ్యా.”

అతను వల భుజాన వేసుకుని పడవ వైపు నడిచాడు. పోటు తగ్గేలోగా మొగ దాటాలి.