కుడి చెవి

పదకొండేళ్లుగా మా గదిలో ఆరుగురం ఒక్క చెవితోనే పనిచేశాం. ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం తలుచుకుంటేనే ఒళ్లు మండిపోతోంది.

మాది ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్మే కంపెనీ తరఫున ఫోన్లు ఎత్తే ఆఫీసు. ఫోన్లు చేసేవాళ్లు పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు. ఎత్తేవాళ్లు కష్టపడి నేర్చుకున్నవాళ్లు. ఎత్తినవాళ్లు ఎలా మాట్లాడారో రికార్డింగు విని మార్కులు వేయడం మా పని. హెడ్‌ఫోన్‌లో ఎడమ చెవికి మా మనిషి గొంతు వస్తుంది, కుడి చెవికి అవతలి మనిషి గొంతు. రోజుకి నలభై కాల్స్ వినాలి. నలభై పూర్తి కావాలంటే ఒకటే దారి, కుడి చెవి సౌండు సున్నాకి తిప్పేసి, మా వాళ్లు మాట్లాడని చోటల్లా ముందుకి జరుపుకుంటూ పోవడం. చేరిన రోజే నాకిది నేర్పారు. నా తర్వాత వచ్చినవాళ్లకి నేను నేర్పాను.

మార్కులకి పన్నెండు నియమాలున్నాయి. రాసింది మా పై అధికారి, సున్నా మాస్టారు. పూర్వం ఏదో బడిలో ఇంగ్లిష్ చెప్పేవారట. ఆయన చేతికి సున్నా తప్ప వేరే అంకె రాదని ఆ పేరు. ఏడో నియమం ఆయనకి ప్రాణం. 'టు'కీ దాని వెనక వచ్చే క్రియకీ మధ్య ఇంకో మాట దూరకూడదు. "ట్రై టు రియల్లీ హెల్ప్" అన్నావా, ఎర్ర కాగితం. ఏడాదిలో మూడు పడితే ఉద్యోగం ఊడినట్టే. ప్రతి ఎర్ర కాగితం అడుగున ఒక వాక్యం అచ్చేసి ఉంటుంది: 'ఈ కాల్ మొత్తం విన్నాను.' దాని కింద మేం సంతకం పెట్టాలి.

మా తోడికోడలు కూడా అక్కడే ఫోన్లు ఎత్తుతుంది. ఈ ఏడాది ఆమెకి అప్పటికే రెండు పడ్డాయి. రెండోదాని మీద సంతకం నాది. గొంతు గుర్తుపట్టే పెట్టాను. "సొంత మనిషని కూడా చూడలేదు, చూశారా!" అని మాస్టారు అందరి ముందూ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. సిగ్గులేని జన్మ.

ఆమె నలభై దాటాక రేడియో వింటూ ఇంగ్లిష్ నేర్చుకుంది. ఇంట్లో ఆమె ఒకరికి వదిన, ఒకరికి పిన్ని, మా అత్తగారికి 'చిన్నకోడలా'. "నన్ను పేరు పెట్టి పిలిచేది ఆ ఆఫీసొక్కటే అక్కా," అంది ఒకసారి గిన్నెలు తుడుస్తూ. నేను ఆ మాటా సగమే విని ఉంటాను.

మంగళవారం నా హెడ్‌ఫోన్‌లో ఎడమ వైపు పోయింది. స్టోర్‌లో మనిషి తల కూడా ఎత్తకుండా "శుక్రవారం వస్తుంది, అందాకా సర్దుకోండి," అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కి, తిరిగొచ్చి కుడి చెవి సౌండు ఆ చివరిదాకా తిప్పాను. అక్కడ మనుషులున్నారు. పదకొండేళ్లుగా నేను నోరు నొక్కేసిన మనుషులు.

"ఐయామ్ స్టార్టింగ్ టు రియల్లీ వరీ," అంటున్నాడొకాయన. "యూ నీడ్ టు యాక్చువల్లీ సెండ్ సంబడీ," అని అరుస్తోంది ఒకావిడ. ఇంకొకాయన "ఐ ట్రైడ్ డెస్పరేట్లీ టు రీచ్ యూ," అన్నాడు, అంటే 'టు'కి ముందే పెట్టాడు. రెండు నిమిషాలయ్యాక ఆయనే "ఐ వాంట్ టు ఫైనల్లీ టాక్ టు ఎ హ్యూమన్ బీయింగ్," అన్నాడు. ఎంత ఆరాటపడి ప్రయత్నించాడో చెప్పాలి గనుక ఆ మాట ప్రయత్నం పక్కన చేరింది. ఇన్నాళ్లకి మనిషితో మాట్లాడాలి గనుక ఈ మాట మాట్లాడటం పక్కన చేరింది. ముందో, మధ్యో, చివరో, మనసు ఎక్కడ ఆగితే అక్కడ పెట్టుకుంటున్నారు. ఏడో నియమం పేరు కూడా వాళ్లెవరూ విన్నట్టు లేదు. వాళ్ల మాటలు రాసుకుంటూ పోతే గురువారం మధ్యాహ్నానికి పంతొమ్మిది చిత్తు కాగితాల వెనక వైపులు నిండిపోయాయి.

ఆ మధ్యాహ్నమే మా తోడికోడలి కాల్ నా వంతుకొచ్చింది, అవతలాయన ఆమె పేరు పలికితే పోల్చుకున్నాను. పక్క సీటు హెడ్‌ఫోన్ అడిగి తీసుకుని, రెండు చెవులతో విన్నాను.

అవతల ఒక ముసలాయన. ఫ్రిజ్ ఆగిపోయింది, అందులో భార్య మందులున్నాయి, ఇది ఐదో ఫోను. మధ్యలో ఆయన గొంతు పూడుకుపోయింది. మా తోడికోడలు తొందరపెట్టలేదు. ఆయన తేరుకునేదాకా ఆగి, "ఐ ప్రామిస్ టు పర్సనల్లీ కాల్ యూ బిఫోర్ ఫైవ్," అంది. ఆయన ముక్కు చీదుకుని, "యూ ఆర్ ద ఫస్ట్ పర్సన్ టు యాక్చువల్లీ లిసన్," అన్నాడు.

ఏడో నియమం ప్రకారం ఇది ఎర్ర కాగితం. మూడోది. శుక్రవారం నాలుగింటికల్లా నేను సంతకం పెట్టివ్వాలి.

చిత్తు కాగితాలన్నీ పట్టుకెళ్లి మాస్టారి బల్ల మీద పడేశాను. ఆయన నాలుగైదు తిరగేసి, అంచులు సరిచేసి నా వైపు జరిపారు.

"వాళ్ల భాష, వాళ్లిష్టం వచ్చినట్టు మాట్లాడతారు. నేర్చుకున్నవాళ్లం మనం. తప్పు చేసే హక్కు మనకి లేదమ్మా."

"వాళ్లంటే ఒప్పు, అదే మాట మా తోడికోడలంటే తప్పా?"

"ఇదంతా నాకు తెలీదనుకుంటున్నారా? మొదటి ఏడాదే తెలుసు."

గొంతు పట్టుకుని ఊపేయాలనిపించింది. "తెలిసీ ఆ నియమం ఎందుకు ఉంచారు?"

"తీసేస్తే దాని కింద వెళ్లిపోయినవాళ్లకి ఏం చెప్పుకుంటాం?"

"తప్పయిందని చెప్పుకుంటాం!"

"చెప్పండి," అన్నారు చల్లగా. "ఆ కాగితాల మీద సంతకాలు నావి కావు. మీ ఆరుగురివీ. మొత్తం విన్నామని రాసిచ్చి మరీ పెట్టారు."

ఇంటికెళ్లేసరికి మా తోడికోడలు పొయ్యి దగ్గరుంది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాను. మాస్టారిని తిట్టాను, స్టోర్ మనిషిని తిట్టాను, ఏడో నియమాన్ని దాని పుట్టుక నుంచీ తిట్టాను. రేపు చచ్చినా సంతకం పెట్టనన్నాను. మెచ్చుకుంటుందని చూశాను. ఆమె పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుంది.

"రెండోది పడ్డ రోజు నిన్నడిగాను అక్కా. మొత్తం విన్నావా అని."

నేను వంగి చెప్పులు విప్పసాగాను.

"విన్నానన్నావు. నువ్వంతటిదానివి అన్నాక తప్పు నాదే అనుకున్నాను. వారం రోజులు అద్దం ముందు నిలబడి నాలుక సరిచేసుకున్నాను." ఆమె గొంతు పెరగలేదు. అరిచినా బాగుండేది. "రేపు నువ్వు పెట్టకపోతే పక్క సీటావిడ పెడుతుంది. ఆవిడా ఒక్క చెవేగా."

కంచాలు పెట్టడానికి వెళ్లిపోయింది. ఆ పూట నా కంచం నేనే పెట్టుకున్నాను.

శుక్రవారం బీరువా తెరిపించి, నేను సంతకం పెట్టిన ఎర్ర కాగితాలన్నీ తీయించాను. డెబ్బై మూడు. ఒక్కో దాని అడుగున 'మొత్తం విన్నాను' అన్న వాక్యం కొట్టేసి, 'వినలేదు' అని రాసి, పక్కన మళ్లీ సంతకం పెట్టాను. అందులో సగం మంది మొహాలు కూడా గుర్తు రాలేదు. ఒక పిల్ల మాత్రం గుర్తొచ్చింది. మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, "నియమం నియమమే కదమ్మా," అని బుద్ధి చెప్పి దాటుకుంటూ వచ్చాను. మా తోడికోడలి రెండో కాగితం అరవై ఎనిమిదోది. దాని మీద కలం నొక్కిన నొక్కుకి కాగితం చిరిగింది.

నాలుగింటికి కట్ట ఎత్తి మాస్టారి ముందు పెట్టాను. ఆయన పైనున్నది చదివి, కిందివి గబగబా తిరగేశారు.

"రెండోది చెల్లకపోతే మూడోది మూడోది కాదు. అర్థమైంది. కానీ ఇవి పైకి వెళ్తే ముందు ఇంటికి వెళ్లేది మీరేనమ్మా."

"పైకే పంపండి. నకళ్లు తీసి నేనూ పంపాను."

ఆయన నీళ్లు నములుతూ, "కూర్చోండి, మాట్లాడుకుందాం," అన్నారు.

"మాట్లాడింది చాలు మాస్టారూ," అన్నాను. ముసలాయన కాల్ పెట్టి, హెడ్‌ఫోన్ తీసి ఆయన రెండు చెవులకీ తగిలించాను. "ముందు మొత్తం వినండి."