థెరియెన్ల ఉయ్యాల

వంటింటి నేల మూడోసారి తుడుస్తుంటే మా అత్త దెలిమా అటక మీద నుంచి ఉయ్యాల దింపుకొచ్చింది. "గురువారం ఫాదర్ వస్తాడు కదే. పొయ్యి పక్కన పెట్టు, ఆయన కంట్లో పడేలా. ఖాళీగా ఉన్నా, మనకి ఆశ ఉందని తెలుస్తుంది" అంటూ నేను తుడిచిన తడినేల మీదే దాన్ని పెట్టింది. నేను ఆ చోటు మళ్ళీ తుడిచాను.

ఏటా చలికాలంలో దెరోజియే ఫాదర్ మా మిల్లు ఇళ్ళన్నీ మెట్లెక్కి తిరుగుతాడు. ఆయనకి ఊగే కుర్చీ వెయ్యాలి, పిల్లల్ని ఎత్తు వరసన నిలబెట్టాలి. దీవెన ఇచ్చేముందు ఇల్లాలి వైపు తిరిగి, తరవాతి బిడ్డ ఎప్పుడని ఆయన ఒక్క ప్రశ్న అడుగుతాడు. ఆఖరి బిడ్డకి రెండేళ్ళు దాటితే ఆ ప్రశ్న తప్పదు. మా చిన్నదానికి నవంబరులోనే దాటాయి. అది పుట్టినప్పుడు పరుపు దాటి నేల మీదికి పోయింది నా రక్తం. డాక్టరు మెట్ల మీద నిలబడి మా ఆయన ఒవిలాతో, "ఇంకో కాన్పు అంటే ఈవిడ దక్కదు" అన్నాడు. ఒవిలా లోపలికొచ్చి, "ఐరిష్ డాక్టరుకి మన ఫ్రెంచి ఆడవాళ్ళ సంగతేం తెలుసు" అన్నాడు. అప్పటినుంచి చిన్నదాని దగ్గు వంకతో ఆడపిల్లల గదిలో పడుకుంటున్నాను. ఆ దగ్గు తగ్గి ఏడాదయింది. "ఫాదర్‌కి ఏం చెప్పుకుంటావో నువ్వే చెప్పుకో" అంటాడు ఒవిలా, చేతులు దులుపుకుని. ఇంక కననని చెబితే పాపక్షమాపణ దొరకదు, అది లేనిదే సత్ప్రసాదం ఇవ్వరు. ఈస్టర్‌నాడు మా వరసంతా సత్ప్రసాదానికి లేస్తే నేనొక్కదాన్నే కూర్చుండిపోవాలి. ఎవరు కూర్చున్నారో మా చర్చిలో అందరూ చూస్తారు. నాకు నరకమంటే భయమే. నేను లేకుండా ఐదుగురు పిల్లలు ఈ వంటింట్లో తిరగడం తలుచుకుంటే అంతకన్నా ఎక్కువ భయం.

ఆ నెలలోనే ఫాదర్ నాకు ఇంకో పని అంటగట్టాడు. మా చర్చికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి, చరిత్ర అచ్చు వేయించాలి, కన్యస్త్రీల బళ్ళో చదివావు, నీ దస్తూరీ బాగుంటుంది, రాసిపెట్టు అన్నాడు. మిల్లులో పదిగంటలు నూలు ఒడికి, ఇంట్లో ఎనిమిదిమందికి బఠాణీ సూపు కాచాక చెయ్యాల్సిన పని ఇది. కూలి లేదు, పుణ్యం. ఐరిష్ వాళ్ళ చర్చి నేలమాళిగలో మనవాళ్ళు పూజ వినడం, మన భాష వచ్చే ఫాదర్ కోసం బిషప్పుతో పోట్లాడడం, అన్నీ ఆయనే చెప్పి రాయించాడు. "మొదటి పేజీలో ఇలా రాయి. మన చర్చిని కట్టింది ఇటుకలు కాదు, ఉయ్యాలలు." ఆ కింద చర్చి నిలబెట్టిన ఇరవై ఇద్దరు మగవాళ్ళ పేర్లు, ఎవరికెంతమంది పిల్లలో. మా మామగారిదీ ఉంది. నెపోలియన్ థెరియెన్, పదిహేడుమంది.

జ్ఞానస్నానాల పుస్తకం, సమాధుల పుస్తకం రెండూ తెచ్చి ఒకే బల్ల మీద పెట్టడం ఫాదర్ చేసిన పొరపాటు. అన్నేళ్ళలో వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. మామగారి మొదటి భార్య జెలియాకి ఏడుగురు. ఏడో బిడ్డకి మార్చి మూడున జ్ఞానస్నానం, ఐదున ఆమెకి సమాధి. రెండో భార్య మతిల్ద్‌కి నలుగురు. నాలుగో బిడ్డ జ్ఞానస్నానం, ఆమె సమాధి ఒకే రోజు. ఆ బిడ్డ పేరు ఒవిలా. మిగతా ఆరుగురూ మూడో భార్య అయిన మా అత్తకి పుట్టారు. ఇరవై రెండు పేర్లలో పదమూడింటిది ఇదే కథ. రాయడం ఆపలేదు.

గురువారం సాయంత్రం ఫాదర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బూటు మొనతో ఉయ్యాలని మెల్లగా కదిపాడు.

"ఇది ఎవరికోసం ఎదురుచూస్తోంది ఎక్సిల్డా?"

పిల్లలు దీవెన కోసం మోకాళ్ళ మీద ఉన్నారు. ఒవిలా నేలచూపులు చూస్తున్నాడు.

"మీ పుస్తకం రాయడం అయిపోయింది ఫాదర్" అని కాగితాలు ఇచ్చాను.

ఆయన రెండు పేజీలు తిప్పాడు. "నేను మగవాళ్ళ పేర్లే కదమ్మా అడిగింది."

"అవే ఉన్నాయి. పక్కన ఇల్లాళ్ళవీ రాశాను, వాళ్ళని పాతిపెట్టిన తేదీలతో. చివరి వరస మాది."

"ఇందులో తేదీ లేదేం?"

"అది మీరు వెయ్యాలి. డాక్టరు మాట మీకూ తెలుసు. మీరు కనమంటే కంటాను ఫాదర్. ముందు ఆ తేదీ మీ చేత్తో రాసివ్వండి."

కలం కూడా అందించాను. ఆయన తీసుకుంటాడేమోనని భయమేసింది. ఆయన కలం ముట్టుకోలేదు. లేచి టోపీ పెట్టుకున్నాడు.

"ఈస్టర్‌కి ఏడు వారాలుంది. ఆలోచించుకో" అని దీవెన ఇవ్వకుండానే మెట్లు దిగిపోయాడు.

ఒవిలా కాగితాలు తీశాడు. "ఎంత పని చేశావే" అంటూ మొదలెట్టినవాడు మతిల్ద్ పేరు దగ్గర ఆగిపోయాడు.

"ఏముందిరా అందులో?" అని అడిగింది చదువురాని మా అత్త. చదివి వినిపించాడు. ఆవిడ ఉయ్యాల అంచు పట్టుకుని నిలబడింది. "నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నువ్వు ఇందులోనే ఉన్నావు. పాలకి ఏడుస్తున్నావు. ఆవిడ పేరేమిటని నేను అడగనైనా లేదు" అంది.

తెల్లారి లేచి చూస్తే ఉయ్యాల నిండా పొయ్యి కట్టెలు పేర్చి ఉన్నాయి. అత్త సూపుకి బఠాణీలు ఏరుతోంది.

"ఈస్టర్‌నాడు నేను లేవనత్తా" అన్నాను.

"నాకూ మోకాళ్ళ నొప్పులే" అంది తలెత్తకుండా. "నీ పక్కనే కూర్చుంటాలే."