భోజనమయిందా అని అడిగే ఊరు

మా అత్త తంగెవ్వ మైసూరులో మొదటి తగాదా రాగిముద్దతోనే పెట్టుకుంది. మనుషులతో తగాదా తర్వాత వచ్చింది.

సామాన్లు దించిన రోజు పొయ్యి వెలిగించే ఓపిక లేక మా ఆయన సిద్రామ సందు చివరి మెస్సు నుంచి రాగిముద్దలూ, అనపగింజల పులుసూ తెచ్చాడు. ముద్దని తుంచి, పులుసులో ముంచి, నమలకుండా గుటుక్కున మింగాలట. ఆ సంగతి బిజాపురం నుంచి దిగినవాళ్ళకి ఎవరు చెప్పారు? అత్త జొన్నరొట్టె నమిలినట్టు నమిలింది. అది పైపళ్ళకింత, కిందిపళ్ళకింత అంటుకుపోయి, మింగలేక కక్కలేక ముసలిదానికి తల ప్రాణం తోకకొచ్చింది. నోరు పుక్కిలించి వచ్చి కూర్చుని, "మహానందా, ఈ ఊళ్ళో పళ్ళు దేనికే, నవ్వడానికా?" అని అడిగింది. నేనూ మా ఆయనా పడీ పడీ నవ్వాం. ఆ రోజు ఇంకా నవ్వు ఉంది మాకు.

మా ఆయన బస్సు డ్రైవరు. డిపో మార్చారు, మూటా ముల్లె కట్టుకుని రాష్ట్రం ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చాం. అత్తని తేకుండా ఎలా వస్తాం? అంతకుముందు ఏడాదే చేలో బావి గట్టున జారిపడి, పిలిస్తే పలికే దిక్కులేక, పొద్దుగూకి గొడ్లు ఇంటికి మళ్ళేదాకా అలాగే పడి ఉంది. మోకాలు అప్పటినుంచీ సరిగ్గా వంగదు. చేను అత్త మరిది కొడుక్కి కౌలుకిచ్చి, ఆమెని బలవంతంగా రైలెక్కించాం. బలవంతంగానే. ఆ మాట దాచను.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. నాకు మా అమ్మ మొహం గుర్తులేదు. నాకు చెయ్యి పట్టుకుని రొట్టె తట్టడం నేర్పింది అత్తే. మొదట్లో నా రొట్టె ఏ దేశపటంలాగో వస్తే, "ఫర్లేదు, మీ ఆయన మూలలు కొరుక్కు తింటాడులే" అని వెనకేసుకొచ్చింది. అలాంటి మనిషి మైసూరులో రోజురోజుకీ చిక్కిపోసాగింది.

తిండి ఒక కారణం, కాదనను. అన్నం పెడితే, "నాకేమన్నా జ్వరమా?" అనేది. మా వైపు అన్నం ఒంట్లో బాగాలేనివాళ్ళకి పెట్టేది. ఇక్కడ కూరలో కొబ్బరి, పులుసులో బెల్లం. జొన్నపిండి కొంటే అది ఎప్పుడు ఆడించిందో ఏమో, జిగురు చచ్చి, తట్టబోతే అంచులు విచ్చుకునేది. సరే, జొన్నలే కొని మర పట్టించుకొచ్చాను. పిండి కుదిరింది. తెల్లారుతూనే అత్త పళ్ళెం ముందు కూర్చుని తపతప రొట్టెలు తడుతుంటే మళ్ళీ మనిషైందనుకున్నాను.

కానీ మేం ఉండేది మేడ మీద. కింద ఇంటావిడ పుట్టతాయమ్మ. చెడ్డదని అనను, అంత మెత్తగా మాట్లాడే మనిషిని నేను చూడలేదు. ఆ మెత్తదనమే మాకు వచ్చిన చిక్కు. ఒకరోజు మెట్ల దగ్గర నన్నాపి, "మీరేమీ అనుకోకండి, పొద్దున్నే వంటింట్లో బట్టలుతుకుతున్నారా?" అంది. రొట్టెలండీ అన్నాను. "అయ్యో అలాగా, ఏం లేదు, అమ్మాయి కానుపుకొచ్చింది కదా, నిద్ర పట్టట్లేదు" అంది. మా ఊళ్ళో అయితే, 'ఏయ్, ఆపవే నీ మోత' అని కిందనుంచే అరిచేవాళ్ళు, మనమూ నాలుగు అనేవాళ్ళం, సాయంత్రానికి అంతా కలిసిపోయేది. ఈ మెత్తటి మాటకి బదులేం చెప్తాం? అత్త విని, మర్నాటి నుంచి అప్పడాల కర్రతో ఒత్తడం మొదలుపెట్టింది. ఒత్తిన రొట్టె తను మాత్రం ముట్టేది కాదు. కాగితం అనేది దాన్ని.

అసలు దెబ్బ అది కూడా కాదు. ఆ ఊళ్ళో మనిషి మనిషికి ఎదురైతే "భోజనమయిందా?" అని అడుగుతారు. మా అత్త దిగిన కొత్తలో కుళాయి దగ్గర పుట్టతాయమ్మ అలాగే అడిగింది. అత్త ఉన్నమాట చెప్పింది, కాలేదని. చెప్పి, అక్కడే నిలబడింది. మా వైపు అడిగినవాళ్ళకి కాలేదని చెబితే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి కూర్చోబెడతారు. తిట్టి మరీ తినిపిస్తారు. పుట్టతాయమ్మ బిందె నింపుకుని, నవ్వి, లోపలికెళ్ళి తలుపేసుకుంది. అత్త ఇంకాసేపు చూసింది. నేను పై నుంచి చూస్తూనే ఉన్నాను. ఎలా పిలిచేది ఆమెని, ఏమని చెప్పేది?

ఆ తర్వాత ఎవరడిగినా అత్త "అయింది" అనడం నేర్చుకుంది. తిన్నా అదే మాట, తినకపోయినా అదే మాట. నాతో కూడా.

చలి ముదిరింది. మా వైపు చేల పండగ ఎళ్ళమావాస్య దగ్గరపడింది. అత్త ఒకరోజు శాంతంగా, "నన్ను రైలెక్కించు. చేలో పాక ఉందిగా, అందులో పడుంటాను" అంది. బావి గట్టు గుర్తు చేశాను, మోకాలు గుర్తు చేశాను, అరిచాను, అలిగాను. ఊహూఁ. "ఆకలైతే తినొచ్చు మహానందా, ఇక్కడ నాకు ఆకలే వెయ్యట్లేదు" అంది.

అప్పుడు నేనొక పందెం వేశాను. ఎళ్ళమావాస్య రోజున మా వైపు ఊరంతా చేలల్లోనే ఉంటుంది. గంపలనిండా వండుకుని వెళ్ళి, భూమ్మీద చల్లి, దారినపోయే ప్రతివాణ్ణీ గట్టు మీదికి లాగి తినిపిస్తారు. మా ఇంట్లో ఇంకో పట్టింపు కూడా ఉంది. బయటి మనిషి ఒక్కరైనా గంపలో చెయ్యి పెట్టనిదే ఇంటి పెద్దావిడ మెతుకు ముట్టదు. "పండగ ఇక్కడే చేద్దాం అత్తా. బయటివాళ్ళు ఒక్కరంటే ఒక్కరు మన గంపలో చెయ్యి పెడితే నువ్వు ఉండిపో. పెట్టకపోతే ఆ సాయంత్రం రైలుకే నేనే పంపిస్తాను" అన్నాను. ఆమె సరేనంది. మా ఆయన ఆ సాయంత్రానికే టికెట్టు కూడా తెచ్చాడు. అత్త అది అడిగి తీసుకుని కొంగున ముడేసుకుంది.

పండగ తెల్లవారుజామున, కింద ఎవరు లేస్తే లేచారు, తట్టమన్నాను. అత్త తట్టింది. నువ్వులద్దిన సజ్జరొట్టెలు, జొన్నరొట్టెలు, గుత్తివంకాయ, పల్లీల పూర్ణంతో ఓళిగలు, వలిసెల పొడి, ఆకుకూరల్లో పచ్చిగింజలు వేసి ఉడికించిన పప్పు, గడ్డపెరుగు. గంపలు నిండాయి. మా ఇంటికెదురుగా పుట్టతాయమ్మదే ఖాళీ స్థలం ఒకటి, పిచ్చిమొక్కలూ రెండు కందిచెట్లూ ఉన్నది. మాకు దొరికిన చేను అదే. అడగాలని కూడా తోచలేదు. మా వైపు పండగరోజు చేలోకి వెళ్ళడానికి ఎవరి అనుమతి కావాలి?

అత్త ఇల్కల్ చీర కట్టింది. కందిచెట్టు కింద అయిదు రాళ్ళు పెట్టి పాండవులంటూ పసుపూ కుంకుమా రాసింది. రొట్టే కూరా అన్నీ కలిపి చేటలో పెట్టుకుని, నాలుగు దిక్కులా చల్లుతూ, "హుల్లుల్లిగో, సలాంబ్రిగో" అని పొలికేక పెట్టింది. దాని అర్థం అడక్కండి, మా తాతలకీ తెలీదు. వెనకాల నేను చెంబుతో నీళ్ళు చల్లుతూ నడిచాను. ఎన్నాళ్ళకో ఆమె గొంతు విప్పింది, నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత రోడ్డున పోయేవాళ్ళని పిలవడం మొదలుపెట్టింది. పూలామె అమావాస్య పూట బయట తినదట. కూరగాయల బండివాడు రాళ్ళ వంక చూసి బండి వేగంగా తోసుకుపోయాడు. కాలేజీ పిల్లలు సెల్లులో ఫొటో తీసుకుని నవ్వుతూ వెళ్ళిపోయారు. అయినా అత్త పిలుస్తూనే ఉంది, రారా నాయనా, రావే తల్లీ అని.

అప్పుడొచ్చింది పుట్టతాయమ్మ. ఆ మెత్తదనం ఎక్కడికి పోయిందో. మొహం జేవురించింది. అమావాస్య రోజు, కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా, గుమ్మానికెదురుగా కుంకుమరాళ్ళు పెట్టి మెతుకులు చల్లుతారా, ఆ అరుపులేంటి, ఎవరి మీద చేయిస్తున్నారీ చేతబడి అని నిలదీసింది. మీ వైపు ఇలాంటివి ఎక్కువని విన్నాను, చూస్తాననుకోలేదు అని కూడా అంది. రోడ్డు మీద జనం ఆగారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే.

అత్త నోటికి ఎదురులేని మనిషి, సంతలో గొడ్ల బేరగాళ్ళని గడగడలాడించిన మనిషి. అలాంటిది వంగని మోకాలితో వంగి, అయిదు రాళ్ళూ ఏరి కొంగులో పోసుకుని మెట్లెక్కింది. గంపలు నేను మోసుకొచ్చాను. ఒక్క చెయ్యీ పడలేదు వాటిలో. అత్త సంచి ముందేసుకుని చీరలు సర్దడం మొదలెట్టింది. ఏమైనా తిను అన్నాను. "అయింది" అంది.

నా నోరు మంచిది కాదు, అది మా ఊరంతటికీ తెలుసు. దడదడా కిందికెళ్ళి తలుపు బాదాను. పుట్టతాయమ్మ తీసింది. వెనకాల సోఫాలో వాళ్ళమ్మాయి చైత్ర, కళ్ళకింద గుంటలు పడి కూర్చుని ఉంది. ఆ పిల్లకి ఏది తిన్నా ఇమడట్లేదని వీధంతా చెప్పుకుంటున్నారు.

తిట్టాలనే వెళ్ళాను. ఆ పిల్ల మొహం చూశాక తిట్లు రాలేదు, ఏడుపొచ్చింది. "మొన్న మీ అమ్మాయికి గాజులు తొడిగి, నోటికి ఏది కావాలంటే అది వండి పెట్టారు కదమ్మా. మేమూ పైనుంచి చూశాం. మా వైపు ఈ రోజులకి జొన్నచేను పొట్టకొస్తుంది. భూమి కడుపుతో ఉందని, దానికి ఏం తినాలనుందో ఏమోనని అన్నీ వండి పట్టుకెళ్తాం. మీరు చేతబడి అన్నది సీమంతాన్నమ్మా" అన్నాను. ఇంకా అన్నాను. "ఆమె పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. బయటివాళ్ళు ఒక్కరు తింటే గానీ తినదు. సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోతుంది, మీకిక మోత ఉండదు."

పుట్టతాయమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. జవాబు కోసం నేను ఆగలేదు. వచ్చేశాను.

ఎండ వాలింది. మా ఆయన ఆటో తేవడానికి వెళ్ళాడు. అత్త సంచి జిప్పు లాగి దాని మీదే చెయ్యేసుకుని కూర్చుంది. నేను గంపల మీద గుడ్డ కప్పుతూ, రైల్లోకి కొన్ని రొట్టెలు కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. కడితే పంపిస్తున్నట్టు, కట్టకపోతే ఆకలితో పంపిస్తున్నట్టు.

మెట్ల మీద ఆయాసపడుతున్న చప్పుడైంది. పుట్టతాయమ్మ. మేం వచ్చాక ఆమె మేడ ఎక్కడం అదే మొదలు. గుమ్మం బయటే ఆగింది. రెండు మెట్ల కింద గోడ పట్టుకుని చైత్ర. అత్త తలెత్తి చూసింది.

పుట్టతాయమ్మకి మాట తోచలేదు పాపం. నోటికి అలవాటైనదే వచ్చింది. "భోజనమయిందా?"

"అయిందమ్మా" అంది అత్త.

ఆ అబద్ధం విని నేను గోడ వైపు తిరిగాను. ఇక వెళ్ళిపోతుంది అనుకున్నాను, ఆ ఊళ్ళో ఆ ప్రశ్న అక్కడితో అయిపోతుంది కదా. పుట్టతాయమ్మ కదల్లేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, కుళాయి దగ్గర ఆ రోజు అత్త నిలబడ్డట్టే నిలబడింది.

"నాకు కాలేదు" అంది.

అత్త సంచి పక్కకి తోసి, గోడ ఆసరాతో లేచి, వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "చెప్పడానికి ఇంతసేపా? రావే లోపలికి" అని లాక్కొచ్చి చాప మీద కూలేసింది. అండీ గిండీ ఏమీ లేదు. పుట్టతాయమ్మ పళ్ళెం కోసం చూస్తుంటే, పళ్ళెం కాదు, గంపలో చెయ్యి పెట్టి తీసుకొమ్మని నేనే గుడ్డ తీశాను. ఆమె పెట్టింది. సజ్జరొట్టె కొరికి, పళ్ళు ఊడతాయేమోనని గొణిగింది. అత్త, "నమలాలి. మీకు మింగడం తప్ప రాదు" అంది.

చైత్ర రొట్టెలో వలిసెల పొడి, పెరుగూ వేసుకుని మెల్లగా తింది. ఒకటయ్యాక వాళ్ళమ్మ భయంగా ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఆ పిల్ల ఇంకోటి తీసుకుని, రేపు పొద్దున తట్టేటప్పుడు నేనూ వచ్చి చూడొచ్చా అవ్వా అని అడిగింది. అత్త ఆ పిల్ల చేతిలో రొట్టె మీద ఇంకాస్త పెరుగు వేసింది.

కింద ఆటో హారను మోగింది. మా ఆయన పైకొచ్చి, గుమ్మంలో చెప్పులు చూసి, లోపల మమ్మల్ని చూసి, "అమ్మా, రైలుకి టైమైంది" అన్నాడు.

అత్త కొంగు ముడి విప్పి, టికెట్టు తీసి, కొడుకు చేతిలో పెట్టింది. నా వైపు తిరిగింది.

"నాకు పెట్టవే మహానందా. ఆకలేస్తోంది."