మేయరు కాబోయే మనిషి ఉపవాసం

ఆజెలీ పెట్టె సర్దుకుంటోంది. రెండు గౌన్లు, ఒక స్వెట్టరు, జపమాల, పోయిన వేసవిలో పెట్టిన అంజూరపు జామ్ సీసా. సీసా పగలకుండా దాని చుట్టూ తువ్వాలు చుట్టింది. చుట్టాక మళ్ళీ విప్పి మూత బిగించి ఉందో లేదో చూసుకుంది. ఇంట్లో మంచి పెట్టె అదొక్కటే, గోధుమరంగు తోలుది. అన్న క్లోవిస్ ఆ పెట్టెతోనే యుద్ధానికి వెళ్ళాడు. పెట్టె తిరిగొచ్చింది, మనిషి రాలేదు. అప్పటినుంచి ఎవరు ఊరు వెళ్తున్నా ఆజెలీ గడప దాకా వెళ్ళి, వీధి మలుపు తిరిగేదాకా వాళ్ళ వీపులు చూస్తూ నిలబడుతుంది. చూడకపోతే రారేమోనని భయం.

ఈసారి వెళ్ళేది తనే. పోర్ట్ ఆర్థర్‌లో చెల్లెలు ఒడీల్ కడుపులో గడ్డ పెరిగింది. కోసి తీసేయాలన్నాడు డాక్టరు. "మా అక్క వచ్చి పక్కన కూర్చుంటేనే బల్ల ఎక్కుతాను" అంది ఒడీల్. చిన్నప్పుడు పన్ను పీకించుకోవడానికీ అదే షరతు పెట్టింది. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళాలి. భర్త ఒవీడ్ థెరియో ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. "వెళ్తే వెళ్ళు గానీ నా చొక్కాలు ఎవరు ఇస్త్రీ చేస్తారు? మేయరుగా పోటీ చేసేవాడు ముడతల చొక్కాతో తిరిగితే ఊరు నవ్వదా?" అన్నాడు. ఊరు అప్పటికే నవ్వుతోందన్న సంగతి ఆజెలీ చెప్పలేదు. తొమ్మిది చొక్కాలు ఇస్త్రీ చేసి హ్యాంగర్లకు తగిలించింది.

పెట్టె మూత వేస్తుండగా మరిది తెలెస్ఫోర్ తలుపు కొట్టకుండానే లోపలికొచ్చాడు. అన్న ఎన్నికల వ్యవహారమంతా చూసేది అతనే.

"వదినా, అన్నయ్యను లోపలేశారు! ఆ పెట్టె ఇలా ఇయ్యి. బట్టలు పంపాలి."

"ఎందుకు వేశారు?"

"జడ్జిని కోర్టులో అందరి ముందూ ఎండిపోయిన మొసలీ అన్నాడు."

ఆ మాట అనడానికి కారణం, ఊరి మురుక్కాలువ కోసం తెచ్చిన గొట్టాలు తెలెస్ఫోర్ చెరుకు పొలం కింద ఎలా దొరికాయని జడ్జి అడగడం. జవాబు లేనప్పుడు ఒవీడ్‌కు తిట్లొస్తాయి. అది జడ్జికి ఆ రోజు తెలిసింది, ఆజెలీకి పెళ్ళైన వారానికే తెలిసింది.

ఆమె గౌన్లు తీసేసింది. జపమాల, జామ్ సీసా తీసేసింది. ఆ స్థానంలో తొమ్మిది చొక్కాలు, షేవింగ్ బ్రష్షు, చెప్పులు, బొంతా సర్దింది. మధ్యాహ్నం బస్సు ఆమె లేకుండానే వెళ్ళిపోయింది.

జడ్జి కోపంలో ఒక పొరపాటు చేశాడు. ఆయన ఉత్తరాది నుంచి వచ్చిన బాప్టిస్టు, కాథలిక్కుల ఉపవాసాల లెక్క తెలియనివాడు. ఈ సెయింట్ ఫెలిసీ ఊళ్ళో బయూ కాలువ ఒడ్డున పుట్టిన ఏ కాథలిక్కు మనిషికీ ఆ పొరపాటు జరిగేది కాదు. విభూది బుధవారం నుదుట బూడిద ఇంకా పూర్తిగా చెరగని రోజున, నలభై రోజుల ఉపవాసాల తపస్సుకాలం మొదలైన మర్నాడే, ఆయన ఒవీడ్‌కు వేసిన శిక్ష నలభై రోజులు! కోర్టులో కూర్చున్న ముసలమ్మలు గబుక్కున సిలువ గుర్తు వేసుకున్నారట. క్రీస్తు ఎడారిలో ఉన్నదెన్ని రోజులు? ఒవీడ్ థెరియో జైల్లో ఉండేదీ అన్నే రోజులు. ఇక ఆ ఊరికి వేరే ప్రచారం ఏం కావాలి?

అంతకుముందు దాకా ఒవీడ్ ఓడిపోతున్నాడు. మామూలుగా కాదు, చిత్తుగా. రెండుసార్లు కౌన్సిల్లో కూర్చుని ఏం చేశాడో వానొచ్చినప్పుడల్లా జనానికి మోకాలి దాకా తెలుస్తూనే ఉండేది. పైగా మైకు ముందు నిలబడితే మూడు గంటలు. ఆ మూడు గంటలూ తనను తాను పొగుడుకుంటుంటే జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. జైలు ఆయనకు చేసిన మొదటి మేలు నోరు కనపడకుండా చేయడం. రెండో మేలు మనిషిని కనపడకుండా చేయడం. కనపడని మగవాణ్ణి ప్రేమించడం ఎంత తేలికో ఆజెలీ ఆ నెలలో చూసింది.

తెలెస్ఫోర్ బుర్ర తక్కువది కాదు. లారీకి లౌడ్‌స్పీకరు కట్టి ఊరంతా తిప్పాడు. "మన ఒవీడ్ రొట్టె, నీళ్ళ మీద ఉన్నాడు! మన పాపాల కోసం కూడా ఉపవాసం చేస్తున్నాడు!" అని అరిపించాడు. ఒక్క మాటలో దొంగ కాస్తా తాపసి అయిపోయాడు.

ఆ తాపసికి రోజూ రెండు పూటలా కారియరు మోసేది ఆజెలీ. జైలు తిండి ఆయన గొంతు దిగదు. మొదటి రోజే చెప్పేశాడు, "ఈ జావ పందులకు పోయించు. గంబో పులుసు తీసుకురా. పందిమాంసం సాసేజ్ దండిగా వెయ్యి. కోడి గట్టిగా లేకుండా చూసుకో." పైన తెల్లగుడ్డ కప్పి, బయూ గట్టు మీదుగా నడిచి తీసుకెళ్ళేది. వచ్చేటప్పుడు మాసిన చొక్కాలు మోసుకొచ్చేది. మొదటి శుక్రవారం ఆమె చేపలు తీసుకెళ్ళింది. తపస్సుకాలపు శుక్రవారం మాంసం ముడితే పాపమని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

"చేపలా?" అన్నాడు ఒవీడ్ మూత తీసి. "జైల్లో ఉన్నవాడికి దేవుడు మినహాయింపు ఇస్తాడే. రేపటినుంచి ఇలాంటి వేషాలు వెయ్యకు."

జైలరు అల్సే ముసలివాడు, మంచివాడే. అతనికో సాసేజ్ ముక్క పెడితే అటు తిరిగి కిటికీలోంచి చెట్లు చూసేవాడు.

దారిలో ఎదురైన వాళ్ళు "గుడ్డ కింద ఏముందమ్మా?" అని అడిగితే తెలెస్ఫోర్ ఆమెకంటే ముందే జవాబు చెప్పేవాడు, "ఎండు రొట్టె, ఉతికిన చొక్కా." ఆజెలీ ఏమీ అనేది కాదు. ఆమె మౌనాన్ని కూడా వాళ్ళు దుఃఖం కిందే జమ కట్టుకున్నారు. వంట, ఉతుకు, నడక, పెరడు, కోళ్ళు, సాయంత్రం సభల్లో నల్లబట్టలతో ముందు వరసలో కూర్చోవడం. పైగా నలభై రోజుల నియమం ఆ ఇంట్లో నిజంగా పాటిస్తున్నది ఆమె ఒక్కతే. దవడ ఎముకలు బయటికొచ్చాయి. గౌను నడుము దగ్గర పిన్ను పెట్టుకోవలసి వచ్చింది.

ఒకరోజు పక్కింటి మదాం గిడ్రీ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. మూడేళ్ళుగా మదాం గిడ్రీ వంటింట్లోకి మురుగు వస్తోంది. ఒవీడ్‌ను పట్టుకుని తిట్టని రోజు లేదు. "అమ్మా ఆజెలీ, నిన్ను చూస్తుంటేనే కడుపు తరుక్కుపోతోంది. బయట ఉన్న నువ్వే ఇంత చిక్కిపోతే, లోపల ఆయన ఎలా ఉన్నాడో! వాడి మొహం చూడకూడదు అనుకున్నదాన్ని. ఈసారి నా ఓటు మాత్రం ఆయనకే."

"మరి మీ మురుగో?" అంది ఆజెలీ.

"మురుగుదేముందమ్మా! పాపం, మనిషి తిండి మానేశాడు."

ఆజెలీ ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంది. ఆయన త్యాగానికి సాక్ష్యం తన దవడలన్నమాట. ముప్పై ఏళ్ళు ఇదే ఊళ్ళో, ఇదే వీధిలో, పొయ్యి ముందు నిలబడి చిక్కిపోయిన ఆడవాళ్ళు ఎంతమంది? ఒక్కర్ని చూసి ఎవరైనా చేతులు పట్టుకుని ఏడ్చారా? మగవాడి ముందు నాలుగు ఇనుప చువ్వలు పెడితే చాలు, వాడి కొవ్వు కూడా పవిత్రమైపోతుంది. ఇంత తేలిగ్గా మోసపోయే జనం మీద ఆమెకు జాలి కలగలేదు. వాళ్ళను మోసం చేయడానికి పెద్ద తెలివి కూడా అక్కర్లేదు, ఒక తెల్లగుడ్డ చాలు. ఆ తెల్లగుడ్డ ఉతికేది కూడా తనే. ఆ ఆలోచన వచ్చిన రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

జడ్జికి తన పొరపాటు ఆలస్యంగా అర్థమైంది. ఒవీడ్ లోపలున్న ప్రతిరోజూ బయట అతని ఓట్లు పెరుగుతున్నాయి. భార్య పూచీకత్తు మీద సంతకం పెడితే ఎప్పుడైనా వదిలేస్తానని అల్సేతో కబురు పంపాడు. తెలెస్ఫోర్ పరుగెత్తుకొచ్చాడు. "వదినా, పెన్ను ముట్టుకున్నావా, అన్నయ్యను నీ చేత్తో ఓడించినట్టే. మంగళవారం ఓట్లు అయ్యేదాకా ఆయన లోపలే ఉండాలి. నువ్వు ఎక్కడికీ కదలకూడదు."

"ఒడీల్ ఎదురుచూస్తోంది."

"గడ్డే కదా, ఎక్కడికి పోతుంది! ఓట్లయ్యాక వెళ్దువుగానిలే."

ఏప్రిల్ మొదటి శుక్రవారం పొద్దున మందుల షాపుకు ఆజెలీ కోసం ఫోన్ వచ్చింది. ఒడీల్ గొంతు సన్నగా, ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వినిపించింది.

"అక్కా, సోమవారం కోస్తారట. ఇంక ఆగకూడదన్నాడు డాక్టరు. నువ్వు రావు కదూ?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. మీ ఆయన జైల్లో ఉన్నాడు కదా. పాపం, ఏమీ తినడం లేదట కదా? ఇక్కడి పేపర్లో కూడా వేశారు."

ఆజెలీ ఫోన్ పెట్టేసింది. నలభై రోజుల శిక్ష ఒవీడ్‌కు వేశారని ఊరంతా అనుకుంటోంది. కోర్టుకు కూడా పోని తనకు పడింది. లోపల ఆయన ఉన్నంతకాలం బయట తను బందీయే. అన్న పెట్టె ఒక్కటే తిరిగొచ్చిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు ఒడీల్ తన పక్కలోకి దూరి పడుకుని, "నువ్వు మాత్రం ఎక్కడికీ పోకక్కా" అంది. పోలేదు. ఎక్కడికీ పోలేదు. అందుకే ఇప్పుడు అది అలా అడగగలిగింది, రావు కదూ అని.

ఇంటికెళ్ళి, అడిగినట్టే సాసేజ్ వేసి గంబో చేసి, కారియరు అల్సేకు అందించి, మెట్లెక్కి జైలు పైనున్న జడ్జి గదికి వెళ్ళింది.

"మీ ఆయన నోటిని అదుపులో పెట్టగలరా?" అన్నాడు జడ్జి.

"ముప్పై ఏళ్ళుగా దానికి తిండి పెడుతున్నది నేనే" అని సంతకం పెట్టింది.

కిందికొచ్చేసరికి జైలు ముందు రోడ్డు నిండిపోయింది. చర్చిలో సిలువమార్గం ప్రార్థన ముగించి, తెలెస్ఫోర్ అందర్నీ జైలు దాకా ఊరేగింపుగా తీసుకొచ్చాడు. ఆడవాళ్ళంతా దుమ్ములోనే మోకాళ్ళ మీద ఉన్నారు. మదాం గిడ్రీ ముందు వరసలో కళ్ళు మూసుకుని జపమాల తిప్పుతోంది. ఆజెలీ కాగితం అల్సే చేతికిచ్చింది.

"ఎప్పుడు తెరవమంటావు?" అన్నాడతను కిటికీలోంచి జనాన్ని చూస్తూ.

"ఇప్పుడే. నాకు అయిదింటికి బస్సుంది."

లోపల అల్సే ఏం చెప్పాడో గానీ ఒవీడ్ గొంతు గోడలు దాటి వినిపించింది. తలుపు తెరుచుకుంది. నెల రోజులుగా జనం కలవరించిన తాపసి గడపలో నిలబడ్డాడు. మెడలో తువ్వాలు, దాని మీద ఎర్రటి గంబో మరక. ఆజెలీ ఇస్త్రీ చేసిన చొక్కా బొత్తాలు పొట్ట దగ్గర పట్టడం మానేసి రెండు రోజులైనట్టుంది. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. కుడిచేతిలో సగం కొరికిన సాసేజ్.

"ఎవరు పెట్టమన్నారే నిన్ను సంతకం?" అని అరిచాడు. "గెలిచే ఎన్నిక! మంగళవారం దాకా నోరు మూసుకుని కూర్చోలేవా? తింటున్న తిండన్నా పూర్తి చెయ్యనివ్వరు!"

అప్పుడు చూశాడు జనాన్ని. ఆజెలీ అతని పక్కనే నిలబడి ఉంది, నడుము దగ్గర పిన్ను పెట్టిన గౌనులో. అందరి చూపులూ ఆమె మీంచి అతని మీదికి, అతని మీంచి సాసేజ్ మీదికి, మళ్ళీ ఆమె మీదికి వెళ్ళాయి. తెలెస్ఫోర్ ఏదో చెప్పబోయాడు.

మదాం గిడ్రీ మోకాళ్ళ మీంచి లేచి, గౌను దుమ్ము దులుపుకుంది.

"శుక్రవారం!" అంది. అంతే అంది.

వెనక ఎక్కడో ఒక ముసలాయన కిసుక్కున నవ్వాడు. ఆ తర్వాత ఎవరికీ ఆగలేదు.

ఆజెలీ జైలు గదిలోకి వెళ్ళి ఒవీడ్ మంచం కిందనుంచి పెట్టె లాగింది. చొక్కాలు, బ్రష్షు, చెప్పులు, బొంతా బల్ల మీద పోసింది. ఖాళీ పెట్టె పట్టుకుని బయటికొస్తుంటే ఒవీడ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కడికే? మరి రాత్రికి నాకు వంటెవరు చేస్తారు?"

ఆమె ఆ చేతిని పక్కకు నెట్టి నడిచింది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఇంటి దగ్గర ఆగి గౌన్లు, జపమాల, జామ్ సీసా పెట్టెలో వేసుకుంది. పొయ్యి ఆర్పిందో లేదో రెండుసార్లు చూసింది. గడపలో నిలబడి ఆమె వీపు చూసేవాళ్ళు ఎవరూ లేరు.

సోమవారం ఆపరేషన్ అయ్యాక మెలకువ రాగానే ఒడీల్ కాఫీ అడిగింది, ఇవ్వలేదని నర్సును తిట్టింది. మంగళవారం ఒవీడ్ ఓడిపోయాడు. మదాం గిడ్రీ ఇంట్లోకి మురుగు ఇంకా వస్తూనే ఉందని ఎవరో ఉత్తరం రాశారు. ఆజెలీ థెరియో సెయింట్ ఫెలిసీకి తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది 1954 ఏప్రిల్ రెండో తేదీ, శుక్రవారం, అయిదు గంటల బస్సుకు.