కాలవ కట్టేసిన రోజులు

తన బిడ్డ ఏడుపంటే మల్లీశ్వరికి భయం. బయటికి చెప్పుకునే మాట కాదది. పదకొండు నెలల కీర్తి గొంతెత్తిందంటే చెవిలో సూది దించినట్టుండేది. పళ్లు బిగుసుకుపోయేవి, చేతులు వణికేవి. ఆ వణికే చేతుల్తో ఎత్తుకుంటే ఎక్కడ గట్టిగా నొక్కేస్తానోనని ఇంకో భయం. గిన్నె గచ్చు మీద పడ్డా, ఎదురింట్లో మోటారు మొదలైనా అంతే. కాని వాటికి దూరంగా పోవచ్చు. బిడ్డకు దూరంగా ఎక్కడికి పోతుంది?

నరసరావుపేటలో చూపించారు. చెవులకు ఏ లోపమూ లేదనీ, శబ్దాన్ని తట్టుకోలేని తత్వం కొందరికి ఉంటుందనీ, కాన్పు తర్వాత ఎక్కువైనట్టుందనీ డాక్టరు చెప్పాడు.

“చెవులు బాగుంటే ఇంక రోగమేంది?” అంది అత్త రంగనాయకమ్మ, ఆస్పత్రి మెట్లు దిగుతూనే. “తొమ్మిదిలో బడి మానింది కూడా పిల్లల గోల పడకేనంట. ఇప్పుడు కన్నపిల్ల గోలా పడదు. మహారాణి!”

భర్త రవిశంకర్ ఆస్పత్రి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆమెకు మందు కాలవ దగ్గర దొరికింది. ఊరి బయట నీళ్లు ఒక్కసారిగా నిలువెత్తు లోతుకు దూకే చోటుంది. ఒకరోజు పత్తిచేలోకి అన్నం పట్టుకుపోతూ, ఏడుస్తున్న బిడ్డను చంకనేసుకుని అటుగా నడిచింది. నీళ్ల హోరు దగ్గరయ్యేకొద్దీ ఏడుపు పదును అరిగిపోయింది. వినబడుతూనే ఉంది, గుచ్చడం లేదు. గట్టున జమ్ము గాలికి గరగరలాడుతోంది. ఏదో పిట్ట బుడుంగున మునిగింది. మల్లీశ్వరి అక్కడే కూర్చుని పాలిచ్చింది. బిడ్డ మొహం చూస్తూ పాలివ్వడం అదే మొదటిసారి. ఇంట్లో ఎప్పుడూ కళ్లు మూసుకునే ఇచ్చేది.

అది మొదలు పొద్దునోసారి, సాయంత్రం ఓసారి వెళ్లేది. తూములు చూసుకునే లస్కరు యల్లమంద ఆటపట్టించేవాడు.

“ఏమ్మా, కాలవకు కాపలా ఉజ్జోగం నాదా, నీదా?”

“జీతం నువ్వే తీసుకో బాబాయ్.”

జనవరిలో ఒక పొద్దున వెళ్లేసరికి హోరు లేదు. అడుగున బురద మెరుస్తోంది.

“కట్టేశారమ్మా. నీళ్లకు వంతులు గదా,” అన్నాడు యల్లమంద. “మళ్లీ తొమ్మిది రోజులకి.”

“తొమ్మిదా?”

“పైరు తట్టుకుంటదిలే.”

ఆమె అడిగింది పైరు గురించి కాదు.

మూడు రోజులు ఎలాగో నెట్టుకొచ్చింది. నాలుగో రోజు ఇక వల్ల కాలేదు. పత్తి తీతల కాలంలో పల్నాట చాలా ఇళ్లలో ముందుగది నిండా పత్తే. ధర వచ్చేదాకా మంచాలు వరండాలో ఉంటాయి. ఆ కుప్పలోంచే మల్లీశ్వరి చిటికెడు తీసి, గింజలు ఒలిచి, రెండు చెవుల్లో కూరుకుంది. లోకం దూరం జరిగింది. వెనక వసారాలో బియ్యం ఏరుతూ, నాలుగు రోజుల తర్వాత ఊపిరి నిండా పీల్చుకుంది. బిడ్డ వరండాలో పడుకునే ఉందనుకుంది.

కీర్తి లేచి, గడప మీదుగా పాకి, పత్తి కుప్పలోకి దూరింది. పైనున్న పత్తి జారి మీద పడింది. ఏడ్చే ఉంటుంది.

చేలోంచి వచ్చిన రంగనాయకమ్మకు పత్తిలోంచి చిన్న పాదం కనబడింది. ఆమె పెట్టిన కేక కూడా మల్లీశ్వరికి వినబడలేదు. పరిగెత్తిన నీడ చూసి లేచింది. బయటికి లాగేసరికి బిడ్డ పెదాలు నల్లబడ్డాయి, ముక్కు నిండా నూగు. రంగనాయకమ్మ తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది. మళ్లీ చరిచింది. నోరు తెరుచుకోవడం కనబడింది గాని ఏడుపు వినబడలేదు. మల్లీశ్వరి చెవుల్లో పత్తి పీకి పారేసింది. అత్త ఆ ఉండల్ని చూసింది.

మర్నాటికి నిర్ణయం అయిపోయింది. ఆడబిడ్డ కావ్య ఇల్లు చిలకలూరిపేటలో, పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు గోడకు ఆనుకుని. పెళ్లయిన కొత్తలో మల్లీశ్వరి అక్కడ ఒక్క పూట ఉండలేక తిరిగొచ్చింది.

“నడకొచ్చేదాకా పిల్ల కావ్య దగ్గరుంటది,” అంది రంగనాయకమ్మ.

“అయిదు రోజులాగండి అత్తయ్యా. నీళ్లొస్తయ్.”

“వస్తే? మళ్లీ కట్టేసినప్పుడు ఏం జేస్తావే? ఎండాకాలమంతా ఎండే గదా ఆ కాలవ!”

రాత్రంతా మల్లీశ్వరి తనను తాను అడిగింది కూడా అదే.

“కొన్నాళ్లే గదా మల్లీ,” అని రవిశంకర్ ఆటో పిలుచుకొచ్చాడు.

అత్త బిడ్డతో ఎక్కింది. కీర్తి చేతులు చాచి గుక్కపట్టింది. మల్లీశ్వరి లోపలికి వెళ్లి రెండు చీరలు సంచిలో కుక్కుకుని వచ్చి, ఆటోలో పక్కన కూర్చుంది.

“నువ్వెక్కడికే? ఆ మిల్లు ఆగదు. చానా గోల. ఉండలేవక్కడ.”

“ఉండలేను,” అంది మల్లీశ్వరి. “పిల్లనిటివ్వండి.”

“ఇచ్చి? మళ్లీ చెవులు మూసుకుంటావ్.”

“మూసుకోను.”

ఆటో కదిలింది. ఇంజను రొద, దాని మీద బిడ్డ ఏడుపు. మల్లీశ్వరి దవడలు బిగుసుకున్నాయి, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, చాపిన చేతులు వణుకుతూనే ఉన్నాయి. వెనక్కి తీసుకోలేదు. రంగనాయకమ్మ ఆ మొహంలోకి చూస్తూ కూర్చుంది. మహారాణి అని ఈసారి అనలేదు. బిడ్డనూ ఇవ్వలేదు.

బస్సెక్కాల్సిన గురజాల బస్టాండు కనబడుతుండగా బిడ్డను ఆ చేతుల్లో పెట్టింది. తన చెయ్యి మాత్రం ఒకటి బిడ్డ వీపు మీదే ఉంచింది.