సూది పడ్డ చోటు

చదువుకున్న నర్సులంటే పద్మలతకు మొదటినుంచీ చులకనే. ఇంటరు పాసై, నరేశ్‌ను పెండ్లి చేసుకొని, మానుకోట నుంచి జనగామ వచ్చిన కొత్తలో ఆమె చంద్రమోహన్ దవాఖానలో ఊడ్చి తుడిచే పనికి చేరింది. ఆరు నెలలు తిరిగేసరికి సూది చేతికి వచ్చింది. ఏడాదికల్లా గ్లూకోజు ఎక్కించడం వచ్చింది. నరం దొరకని ముసలివాళ్ల చేతిని రెండుసార్లు తట్టి, పక్కవాళ్లతో మాట్లాడుకుంటూనే సూది దించేది. పల్లెల నుంచి వచ్చేవాళ్లు డాక్టరున్నడా అని అడగడం మానేసి సిస్టరున్నదా అని అడిగేదాకా వచ్చింది వ్యవహారం. తొమ్మిదేండ్లు అట్లా నడిచింది.

ఆ డాక్టరు మీద కూడా ఆమెకు పెద్ద గౌరవం లేదు. చంద్రమోహన్ ఒకప్పుడు ఓ పెద్ద డాక్టరు దగ్గర మందుల పొట్లాలు కట్టినవాడు. ఆ డాక్టరు పోయాక గదీ బల్లా తనవి చేసుకొని ఆర్‌ఎంపీ బోర్డు పెట్టుకున్నాడు. జ్వరమైనా నడుం నొప్పైనా ఆయన రాసేవి అవే నాలుగు మందులు. సూది వేసేది తాను, గుణం చేసేది తాను, దండాలు మాత్రం ఆయనకు అని పద్మలత ఇంట్లో నరేశ్‌తో అంటుండేది.

అట్లాంటి దవాఖానకు కీర్తి వచ్చింది. పైనుంచి తనిఖీలు ఎక్కువయ్యాయని, సర్టిఫికెట్ ఉన్న మనిషి ఒకరు ఉండి తీరాలని చంద్రమోహన్ తెచ్చి పెట్టుకున్నాడు. ఇరవై రెండేండ్ల పిల్ల. సన్నటి గొంతు. ఎవరన్నా గట్టిగా మాట్లాడితే కండ్లు వాల్చేది. గ్లూకోజు పెట్టి, గడియారం చూసుకుంటూ చుక్కలు లెక్కబెట్టేది. మందు సీసా మీది రాత మూడుసార్లు చదివేది. నరం దొరకక ఒక ముసలమ్మ చేతిని రెండుచోట్ల పొడిచిన రోజు, పద్మలత కీర్తి చేతిలోంచి సూది తీసుకొని ఒక్కసారికే పెట్టేసింది. ఆ తరువాత వరుసలో కూర్చున్నవాళ్లందరికీ వినబడేలా, మూడేండ్లు చదివితే చుక్కలు లెక్కబెట్టుడు వస్తది గానీ నరం దొరకదని అంది. జనం నవ్వారు. కీర్తి దూది తీసి చెత్తబుట్టలో వేసింది.

ఆ ఎండాకాలం తనిఖీకి ఇద్దరు వచ్చారు. గోడకు బిగించిన కీర్తి సర్టిఫికెట్ చూశారు, రిజిస్టర్లు తిరగేశారు. చేతిలో ట్రేతో నిలబడ్డ పద్మలతను చూసి ఈమె ఎవరని అడిగారు. చంద్రమోహన్ తల కూడా ఎత్తకుండా, ఊడ్చే మనిషి అన్నాడు. ట్రే కింద పెట్టి చీపురు తీసుకొమ్మని కంటితో సైగ చేశాడు. పద్మలత చీపురు తీసుకుంది. వాళ్లు పోయేదాకా, ఊడ్చిన గదినే మళ్లీ ఊడ్చింది.

సాయంత్రం ఇంటికి పోయి, నర్సింగు చదువుతానని నరేశ్‌కు చెప్పింది. ఆయన మిల్లు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ముప్పై ఒకటో యేట ఇంక చదువేందని అడిగాడు. ముప్పై ఐదు దాకా తీసుకుంటరని, కాగితం ఒక్కటే తనకు తక్కువని, పని తనకు వాళ్లకంటే ఎక్కువే వచ్చునని ఆమె అంది. మూడేండ్లు అక్కడ తాను నేర్చుకునేది ఏమీ ఉండదని, ఆ ముద్ర వేయించుకొని రావడమే పని అని ఆమె గట్టిగా నమ్మింది.

భూపాలపల్లిలో సీటు వచ్చింది. చేరడానికి ఆరు వారాల గడువు. ఆ ఆరు వారాలూ పద్మలత ప్రతి పనినీ చిన్నచూపుతోనే చేసింది. టీసీ కోసం మానుకోట పోతే, పాత రిజిస్టరు దొరకలేదని రెండుసార్లు తిప్పిన గుమస్తాను చూసి, వీడు సూది పట్టుకుంటే ఊరు మిగలదని అనుకుంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు నాడి పట్టకుండానే సంతకం చేస్తే ఆయననూ లెక్కలోంచి తీసేసింది. తెల్ల బట్టలు కుట్టిన దర్జీ, నర్సమ్మలకు జేబులు ఎన్ని పెట్టాలని అడిగితే, సంతకం పెట్టే పెన్ను పట్టేటంత ఉంటే చాలు, వాళ్లకు వేరే పనుండదు అని చెప్పింది.

ఒకనాడు కీర్తి ఆమె ముందు నాలుగు పుస్తకాలు పెట్టింది. తాను చదివినవట. ఇంగ్లీషులో ఉన్నా, అర్థం కాని చోట పక్కన తెలుగులో రాసుకున్నానని, ముందే చూసుకుంటే తేలికవుతుందని చెప్పింది. పద్మలత వాటిని సంచీలో వేసుకుంది. థాంక్స్ కూడా చెప్పలేదు. చిన్నపిల్ల దయ తలచి పారేసిన పుస్తకాలు అని లోపల కుతకుతలాడింది.

ఐనా చదివింది. మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక, వెనక గదిలో బల్ల మీద పుస్తకం పెట్టుకొని, కీర్తి ఎర్ర పెన్నుతో రాసుకున్న తెలుగు ముక్కల్ని పట్టుకొని ముందుకు పోయేది. చేతులు కడుక్కోవడం గురించి ఆరు పేజీలుంటే నవ్వుకుంది. మంచం మీద దుప్పటి పరచడం గురించి బొమ్మలు చూసి, వీటికి మూడేండ్లా అనుకుంది. మూడో వారంలో సూదుల పాఠానికి వచ్చింది. ఇది తనకు తెలిసిందే కదా అని తిప్పేయబోయి, బొమ్మ దగ్గర ఆగింది.

మనిషి పిర్ర బొమ్మ. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. నాలుగు భాగాలు. పైన, బయటి వైపున్న భాగంలో చిన్న గుర్తు. మధ్యలోంచి కిందికి, తొడ వెనక నుంచి కాలిదాకా పసుపు రంగు తాడులాగ ఒక నరం, నెత్తురు పారేది కాదు, కాలును ఆడించేది. పక్కన కీర్తి రాత: ఇక్కడే వేయాలి. మధ్యల వేస్తే ఈ నరానికి తగులుతది. బక్క మనుషులకు మరీ భయం. తగిలితే కాలికి కరెంటు కొట్టినట్టు అంటరు. తరువాత పాదం పైకి లేవదు.

పద్మలత ఆ నాలుగు ముక్కలు రెండుసార్లు చదివింది. ఆమె తొమ్మిదేండ్లుగా మధ్యలోనే వేస్తున్నది. కండ ఎక్కడ మెత్తగుంటే అక్కడ వెయ్యి అని చంద్రమోహన్ మొదటి రోజు చూపించిన చోటది.

కైలాసం గుర్తుకు వచ్చాడు. బచ్చన్నపేట దిక్కు నుంచి వచ్చిన కల్లు గీత పనివాడు. తాటిచెట్లు ఎక్కీ దిగీ ఒంట్లో కొవ్వన్నది లేని మనిషి. నాలుగేండ్ల కింద జ్వరంతో వచ్చాడు. సూది దిగగానే కేకపెట్టి, కాలి బొటనవేలి దాకా కరెంటు పోయిందన్నాడు. తాళ్లెక్కేటోనివి, సూదికి గిట్లనా అని పద్మలత వేళాకోళం చేసింది. పదిరోజులకు మళ్లీ వచ్చాడు. కుడి పాదం నేలకు రాసుకుంటూ వస్తోంది. వాతమని చంద్రమోహన్ టానిక్కు రాశాడు. వరుసలో కైలాసం ఊరివాళ్లే ముగ్గురున్నారు. వాళ్ల ముందర పద్మలత, పనికి పోబుద్ధి కాకుంటే కాలెట్ల లేస్తది, గిది చెట్టెక్కకుండ ఇంట్ల కూసునే నాటకం అంది. అందరూ నవ్వారు. కైలాసం తల వంచుకొని, కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పుస్తకం పట్టుకొని ఆమె చంద్రమోహన్ గదిలోకి పోయింది. బొమ్మ చూపించి, కైలాసం సంగతి చెప్పింది. ఆయన పుస్తకాన్ని దగ్గరికీ దూరానికీ జరుపుకొని చూశాడు. పసుపు నరం మీద వేలు పెట్టి, గిదేందని అడిగాడు. ఆయన తెలిసీ దాస్తున్నాడని ఆమె అనుకొని వచ్చింది. ఆయన మొహం చూశాక తేటతెల్లమైంది. ఆయనకు తెలియనే తెలియదు. తొమ్మిదేండ్లు ఇట్లాంటివాని మాటను చేతిలోకి ఎక్కించుకొని, దాన్ని పనితనమని మురిసింది తానే.

"నాలుగేండ్ల కిందటి ముచ్చట," అన్నాడు చంద్రమోహన్. "నువ్వెట్లాగు పోతున్నవు. ఇప్పుడు మనం నోరు తెరిస్తే వానికి కాలొస్తదా?"

పుస్తకం మూసి బయటికి వచ్చింది. మరునాడు దవాఖానకు పోకుండా బచ్చన్నపేట బస్సెక్కింది.

పత్తి ఏరే రోజులు. కైలాసం ఇల్లు దొరకబట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆయన అరుగు మీద కూర్చొని తాటాకు చాప అల్లుతున్నాడు. భార్య సత్యమ్మ చేను నుంచి అప్పుడే వచ్చి బిందెలో చెయ్యి పెట్టింది. పద్మలతను ఇద్దరూ గుర్తుపట్టారు. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమె నిలబడే చెప్పింది. సూది వేయకూడని చోట తాను వేసిందని, నరానికి తగిలిందని, వాతం కాదని, కాలు నిజంగానే పడిపోయిందని, ఆ సంగతి తనకు మొన్ననే తెలిసిందని.

కైలాసం చేతులు ఆకు మీద ఆగిపోయాయి. సత్యమ్మ నీళ్లలోంచి చెయ్యి తీయలేదు.

"మొగోన్ని సోమరోడని నాలుగేండ్ల సంది నా నోటితోనే తిట్టిన," అంది చివరికి. "గా మాట నాకు అంటవెట్టింది నువ్వే."

పద్మలత, వరంగల్ పెద్ద దవాఖానకు తాను తీసుకుపోతానని అంది. నువ్వు ముట్టుకున్న కాడికి సాలు అంది సత్యమ్మ, ఆమె వైపు చూడకుండానే. కైలాసం ఆకులు పక్కన పెట్టి, గోడ పట్టుకొని లేచాడు.

"నాటకం కాదని నాకు చెప్తే ఏమొస్తది? నాకెరుకే గద," అన్నాడు. "మండువకాడికొచ్చి చెప్పు."

కల్లు అమ్మే మండువ ఊరి చివర తాటిచెట్ల కింద. పదిహేను ఇరవై మంది ఉన్నారు. కైలాసం తమ్ముడు వీరస్వామి అప్పుడే చెట్టు దిగి నడుముకు కట్టిన మోకు విప్పుతున్నాడు. అన్న వంతు చెట్లు కూడా ఇప్పుడు ఆయనే గీస్తున్నాడని, అన్నకు పని దొంగ అని పేరు పెట్టింది కూడా ఆయనేనని తోవలో కైలాసం చెప్పాడు. పద్మలత నడుమ నిలబడి, ఇంట్లో చెప్పిందే మళ్లీ చెప్పింది. గొంతు తగ్గించలేదు. దవాఖానలో నాటకమని అన్నది కూడా తానేనని, అది అబద్ధమని చెప్పింది.

వీరస్వామి మోకు చేతిలో పట్టుకొని ఆమెను కిందికీ మీదికీ చూశాడు.

"అంటే తెల్వకనే పొడిచినవా, ఇన్నేండ్లు?"

"తెల్వకనే," అంది పద్మలత.

ఆయన పక్కకు తిరిగి ఉమ్మేశాడు. అది తన మీద కాదని అనుకోవడానికి పద్మలత ప్రయత్నం కూడా చేయలేదు. ఒకాయన మాత్రం లేచి కైలాసానికి కూర్చునే జాగా ఇచ్చాడు. కైలాసం కూర్చున్నాడు. సూసిన్రా అని గానీ, విన్నరా అని గానీ ఆయన ఎవరినీ అడగలేదు. ఆకు దొప్ప అందుకొని తాగాడు. ఇక తనతో వాళ్లకు పని లేదని తెలిసి పద్మలత బస్సు దారి పట్టింది.

కబురు ఆమెకంటే ముందే జనగామ చేరింది. సీటు రాగానే పద్మకు నెత్తికెక్కిందని చంద్రమోహన్ చెప్పుకున్నాడు. గడప తొక్కొద్దన్నాడు. బచ్చన్నపేట దిక్కు నుంచి వచ్చే జనం తగ్గారు గానీ, బోర్డు దిగలేదు, ఆయన రాసే నాలుగు మందులు మారలేదు. కీర్తి మాత్రం ఒక ఆదివారం కైలాసాన్నీ సత్యమ్మనూ వరంగల్ తీసుకుపోయింది. పద్మలత వెంట రావొద్దని సత్యమ్మ పెట్టిన షరతు మీదే పోయారు. నరం ఇక బాగుపడదని, అప్పుడే వచ్చుంటే కొంతన్నా నయమయ్యేదని డాక్టరు చెప్పాడట. పాదం వేలాడకుండా కాలికి తొడుక్కునే పట్టీ ఒకటి ఇచ్చారు. దానితో నేలకు రాయకుండా నడుస్తాడు. చెట్టు మాత్రం ఎక్కలేడు.

ఆ సంగతి చెప్పడానికి కీర్తి ఇంటికి వచ్చింది. పద్మలత అప్పుడు హాస్టలుకు పెట్టె సర్దుతోంది. చాయ్ ఇచ్చి, ఇన్నాళ్లూ అందరి ముందర ఎగతాళి చేసినా తనకు పుస్తకాలు ఎందుకిచ్చావని అడిగింది. మంచి పిల్ల గనుక, దయ గల పిల్ల గనుక అని ఏదో జవాబు వస్తుందని అనుకుంది.

"ప్రేమతోని ఇయ్యలేదక్కా," అంది కీర్తి, అదే సన్నటి గొంతుతో. "నువ్వు సూది వేస్తుంటే నాకు అసహ్యమయ్యేది. రెండుసార్లు సార్‌కు చెప్పబోయిన, మాట పూర్తిగ విననే లే. నీకు నోటితో చెప్తే జనం ముందట నవ్వుతవు. చదివితే సిగ్గొస్తదని ఇచ్చిన."

"మరి జనానికన్న చెప్పొద్దా?"

"చెప్పాల్సింది. నాకు కొలువు పోతదని భయం."

పద్మలత ఆ పిల్ల మొహంలోకి తేరిపార చూసింది. ఈసారి కీర్తి కండ్లు వాల్చలేదు. తనను ఇంత తక్కువగా చూసిన మనిషి తన పక్కనే ఏడాది తిరిగిందని పద్మలతకు ఇప్పుడే తెలిసింది. కోపం వస్తుందేమో అని చూసుకుంది, రాలేదు. ఆ పిల్లకు ఇంకో కప్పు చాయ్ పోసి, మందుల మోతాదు లెక్కలు అర్థం కావడం లేదని, మొదటినుంచి చెప్పమని పుస్తకం తెరిచింది. లెక్క రెండోసారి కూడా తప్పైతే కీర్తి దాచుకోకుండా చిరాకుపడింది. పద్మలత కొట్టేసి మళ్లీ వేసింది.

సోమవారం పొద్దున నరేశ్ పెట్టె మోసుకొచ్చి ఆమెను భూపాలపల్లి బస్సెక్కించాడు.