గూడబాతు నాన్న వచ్చాడన్నది నేనే

సినిమాలో గూడబాతు డాన్సు చేసింది, ఎవరూ నోరెత్తలేదు. కాకులతో కర్ర తిప్పి ఫైటు చేసింది, ఈలలు వేశారు. మా బొమ్మల పుస్తకంలో ఎక్కడా లేని చిలకనొకదాన్ని పట్టుకొచ్చి దాంతో రెండు పాటలు పాడించారు. అప్పుడూ మా వాళ్ళకు చీమ కుట్టినట్టయినా లేదు. పుస్తకంలో ఉన్నదున్నట్టు తీసిన ముక్క ఒక్కటే, ఆఖరి సీను. దానికి మాత్రం నెల్లూరు థియేటర్లో మా ఊరి వాళ్ళు పద్నాలుగు మందీ లేచి నిలబడ్డారు!

"పుస్తకంలో నాన్న వొస్తాడయ్యా! తెలీకపోతే అడిగి తియ్యాల!" అని కిషోర్ బాబు తెరకేసి చెయ్యి ఊపుతూ అరిచాడు. రొయ్యల గుంటలు చూసుకునే ముప్పయ్యేళ్ళ మగాడు. "మూతి సంచి నిండా చేపలేసుకోని వొస్తాడు. బొమ్మ కూడా ఉండాది. నా కళ్ళతో చూసినా!"

ఏం చూశావురా, నీ మొహం! ఆ బొమ్మ అసలు లేనే లేదు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వరస చివర, ఒళ్ళో పాప్‌కార్న్ పెట్టుకుని, ఏసీలో కూడా చెమటలు కక్కుతూ కూర్చున్నాను.

నా పేరు ఆనందకుమారి. ఇందుకూరుపేట దగ్గర మా ఊరి చర్చిలో ముప్పయ్యేళ్ళుగా సండే స్కూలు చెబుతున్నాను. ఊరంతటికీ ఉన్న బొమ్మల కథల పుస్తకం ఒకటే, ‘బుజ్జి గూడబాతు’. బైబిలు కథ అయ్యాక పిల్లలు కుదురుగా ఉంటే వారానికి రెండు పేజీలు చదివేదాన్ని. పుస్తకం నా చేతిలోనే ఉండాలి, ఎవరూ ముట్టుకోకూడదు, చాప మీద కూర్చుని దూరం నుంచే బొమ్మలు చూడాలి. అదీ నా పద్ధతి. కథ చిన్నదే. బుజ్జి వాళ్ళ నాన్న మూతి కింది సంచిలో చేపలు పట్టి తేవడానికి సముద్రం మీదికి పోతాడు. బుజ్జి కొమ్మ మీద కూర్చుని ఎదురు చూస్తుంది. ఆఖరి పేజీలో నాన్న రాడు. బుజ్జి తనంతట తానే ఎగురుతుంది.

ఇరవై రెండేళ్ళ కిందట, పుస్తకం కొత్తగా తెచ్చి మొదటిసారి చదువుతూ సరిగ్గా ఆ పేజీకి వచ్చిన వారమే, అబిగయీలు వాళ్ళ నాన్న పరంజ్యోతి మైపాడు నుంచి సముద్రం మీదికి చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. దానికప్పుడు ఏడేళ్ళు. ఆదివారం వచ్చి ముందు వరసలో కూర్చుని, "టీచరమ్మా, బుజ్జి వాళ్ళ నాన్న ఈ రోజు వొస్తాడా?" అని అడిగింది. నేను వెనక గదిలోకి పోయి బ్లేడుతో ఆ పేజీ కోసేశాను. బయటికొచ్చి, "వచ్చాడమ్మా, మూతి సంచి నిండా చేపలతో వచ్చాడు" అన్నాను. పేజీని ఇంటికి తీసుకుపోయి పొయ్యిలో పెట్టాను. తర్వాతి పిల్లలందరికీ అదే చెప్పుకుంటూ పోయాను. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకునేది ఎలా?

వ్యానులో ఊరికి తిరిగొచ్చేటప్పుడు ఒకటే గోల. నా దగ్గరే కథ విన్న జడ్సన్ అయితే, నాన్న తెచ్చిన చేపలు మూడు అని కూడా లెక్క చెప్పాడు. నోరు మూసుకోండిరా అని అరవాలనిపించింది, కానీ ఏ మొహం పెట్టుకుని అరుస్తాను? అందరికంటే అబిగయీలు మరీనూ. థియేటర్లో అరిచి అరిచి దాని గొంతు పోయింది.

"మనసు లేనోళ్ళు టీచరమ్మా, ఈ సినిమావోళ్ళు," అంది. "రేపు మధ్యాన్నం మీ ఇంటికొస్తా. ఆఖరి పేజీ ఫోన్లో తీసి అందరికీ పెడతా. సిగ్గు తెచ్చుకుంటారు."

"అది బాగా పాతబడిపోయింది లేవే."

"పాతబడితే ఏంది? బొమ్మ కనపడితే చాలదా?"

చాలు చాలని వ్యానంతా అరిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది, వాళ్ళ మీద సగం, నా మీద సగం.

అన్నట్టే మర్నాడు వచ్చింది. దాచి లాభం లేదని పుస్తకం చేతికిచ్చాను. మొదటిసారి ముట్టుకుంటోంది కదా, మెల్లగా తిప్పింది. చివరికి వచ్చేసరికి బ్లేడుతో కోసిన అంచు కనిపించింది.

"ఎవురు టీచరమ్మా కోసింది?"

"నేనే."

"దాంట్లో ఏముండింది?"

"నిన్న సినిమాలో చూసిందే. వాళ్ళు సరిగ్గానే తీశారు." అది అరుగు మీద కూలబడింది. దాన్ని అలా చూడలేక నాకే కోపం ముంచుకొచ్చింది. "నీ కోసమే చేశానే! ఆ రోజు నీ మొహం చూసి ఏ నోటితో చెప్పమంటావు?"

అది గొంతు పెంచలేదు. "ఇంక రాడని మా అమ్మ చెప్పింది. పాస్టర్ గారూ చెప్పినారు. ఎవురి మాటా నమ్మలా నేను. పుస్తకంలో వొచ్చినాడు కదా అనుకున్నా. చెన్నైలో నర్సింగ్ సీటు వొస్తే పోలేదు కదా, మా అమ్మ కోసం ఆగినాననుకున్నారు మీరంతా. నేను లేనప్పుడు మా నాయన వొస్తే ఎట్టా అని ఆగినా."

నేను మంచి పని చేశాననే ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను.

అది కోసిన అంచు మీద వేలు పెట్టి అడిగింది. "బుజ్జి ఎగిరేది కూడా పుస్తకంలో ఉండిందా? సినిమావోళ్ళు కలిపినారనుకున్నా."

"ఉండిందమ్మా. అదే పేజీలో."

"నాయన రాలేదని దాచినారు, సరే," అంది అబిగయీలు. "బుజ్జి ఎగిరిందని కూడా దాచినారే టీచరమ్మా!"